పోలిక లేని చిన్న జీ

పొద్దున్నే ముందుగదిలో చాప పరిచి, పంతులమ్మ ఇంగ్లీషు అక్షరాల సంచిని దాని మీద బోర్లించేది. పాత దుప్పట్లు కత్తిరించి, దూది కూరి, తన చేత్తో కుట్టిన అక్షరాలవి. పెద్దవి అరచేయంత, చిన్నవి బొటనవేలంత. పిల్లలు వాటిని జతలు పెట్టాలి. సీ, ఓ తేలిక. పెద్దదీ చిన్నదీ అచ్చు గుద్దినట్టుంటాయి. ఏ, జీ, ఆర్ దగ్గరికొచ్చేసరికి తెల్లమొహాలు వేసేవారు.

అప్పుడామె, "సరే, పడుకోండి" అనేది. గదిలో గోల సద్దుమణిగాక చిన్న అక్షరాలు చాప మీద పాక్కుంటూ వెళ్లి, తమ తమ పెద్ద అక్షరాల ఒళ్లో చేరేవి. పిల్లలు ఒక కన్ను తెరిచి చూస్తూండేవారు. తోక వేలాడే చిన్న జీ, తన పోలిక ఇసుమంతైనా లేని పెద్ద జీ దగ్గరికే పోయేది.

"మొహాలు చూడకండర్రా. ఎవరి దగ్గరికి పోతుందో చూడండి. దేవుడు కళ్లిచ్చింది అందుకే" అనేది పంతులమ్మ. ఆ వీధిలో పిల్లలందరికీ అక్షరాలు అలాగే వచ్చాయి.

అంత ఓపికగల మనిషీ, ఆ రోజు గుమ్మంలో కోడల్ని చూడగానే మొహం గంటు పెట్టుకుంది. తనకు చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన కొడుకు, జ్వరమొచ్చి పోయాడు. ఇప్పుడు కోడలు ఒక చేత్తో బట్టల సంచి, ఒక చేత్తో నాలుగేళ్ల పిల్లతో వచ్చి నిలబడింది.

"మిల్లులో పని దొరికింది అత్తయ్యా. పిల్లను ఎక్కడ వదిలి వెళ్లను? మా ఇద్దరికీ వెనకగది చాలు."

"నా కొడుకును మింగావు. ఇక ఇల్లు కూడానా?"

"మింగింది జ్వరం. కబురంపినా మీరు చూడ్డానికి రాలేదు."

"నోటికేం తక్కువ లేదు! ఏదీ, దీనిలో మావాడి పోలిక? ముక్కా, నుదురా? ఎవరి పిల్లనో తెచ్చి నా నెత్తిన రుద్దుదామనా?"

కోడలు సంచి గుమ్మంలో దించింది. "ఆ మాట మళ్లీ అనకండి."

"వందసార్లు అంటా. సాయంత్రం బస్సుకి బయల్దేరు."

కోడలు వసారాలో కూలబడింది. ప్రయాణంలో అలిసిపోయిన పిల్ల మాత్రం లోపలికొచ్చి, తలుపు పక్కన, చాప అంచున ముడుచుకుని నిద్రపోయింది.

మధ్యాహ్నం పంతులమ్మ పిల్లల్ని పడుకోమన్నాక అక్షరాలు కదిలాయి. వాటితోబాటు తలుపు పక్కన పిల్లా కదిలింది. కాలూ చెయ్యీ ఆడించకుండా, నిద్రలోనే, నేల మీద నెమ్మదిగా జారుతూ వచ్చి పంతులమ్మ మోకాలికి తల ఆనించింది. ఆమె రెండు చేతులా పట్టి తలుపు దాకా తోసింది. పిల్ల మళ్లీ వచ్చింది. పంతులమ్మ విసురుగా లేచి వంటింట్లో కూర్చుంది. పిల్ల గడప కూడా దాటి వచ్చి, మళ్లీ మోకాలి మీద తల పెట్టింది.

"నువ్వే నేర్పావు!" అని అరిచింది పంతులమ్మ.

"నిద్రపోయేదానికి ఏం నేర్పుతానండీ?" వసారాలోంచి కోడలు కదల్లేదు.

చదువుకునే పిల్లల్లో అందరూ వాగుడుకాయ అని పిలిచే అమ్మాయి చాప మీంచి తలెత్తింది. "పంతులమ్మగారూ, అది మీ చిన్నదేనండీ!"

"నోర్ముయ్! దాని మొహం చూడు, నా మొహం చూడు!"

"మొహాలు చూడొద్దన్నారు కదండీ."

ముందుగదినిండా పిల్లలు కళ్లు విప్పుకుని పడుకుని ఉన్నారు. పంతులమ్మ కోడలి వంక చూడకుండానే అంది:

"గుమ్మంలో సంచి పిల్లల కాళ్లకు తగుల్తుంది. వెనకగదిలో పెట్టు. అంతేగానీ నీతో నాకు మాటల్లేవు."

"నాకూ అక్కర్లేదు" అంటూ కోడలు సంచి ఎత్తుకుంది.

పంతులమ్మ కాలు తిమ్మిరెక్కింది. మోకాలి మీద పిల్ల తల అలాగే ఉంది. సాయంత్రం బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్లిపోయేదాకా ఆమె కాలు కదపలేదు.