జేబులో చెయ్యి

పెళ్ళికి ముందు జంటలకు ఫోటోలు తీసేవాళ్ళు చాలామందే ఉన్నా, ఈ ఫోటోగ్రాఫర్ తీరు వేరని టీచరమ్మకు ఫోన్లోనే తెలిసిపోయింది. అద్దెకు తెచ్చిన గొడుగులూ, ఎవరి కారుకో ఆనుకుని నవ్వడాలూ ఆవిడ దగ్గర ఉండవు. అబ్బాయితో విడిగా, అమ్మాయితో విడిగా తీరిగ్గా మాట్లాడుతుంది. ఎక్కడ కలిశారు, ముందు ఎవరు కోప్పడ్డారు, ముందు ఎవరు మెత్తబడ్డారు, అన్నీ అడిగి ఆ చోట్లకే తీసుకెళ్ళి ఫోటోలు తీస్తుంది. "మీ కథలో మీరుండాలి గానీ, పక్కింటివాళ్ళ కథలోకి వెళ్ళి నిలబడితే ఏం బాగుంటుందండీ" అంటుంది.

వీళ్ళ కథ పెద్దదేమీ కాదు. బడిలో తలుపులు బాగుచెయ్యడానికి వచ్చిన మేస్త్రి, పరీక్ష జరుగుతున్న గది పక్కనే సుత్తి అందుకున్నాడు. టీచరమ్మ బయటికొచ్చి నాలుగు మాటలు గట్టిగానే అంది. అతను మారుమాట్లాడకుండా సుత్తి కింద పెట్టి, పరీక్ష అయ్యేదాకా వరండాలో కూర్చున్నాడు. గంట కొట్టాక లేచి, "ఇప్పుడు కొట్టుకోవచ్చా టీచరమ్మా?" అని అడిగాడు. అక్కణ్ణించి మొదలైంది. రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు, ముహూర్తం కూడా దగ్గరపడింది.

కాబట్టి సగం ఫోటోలు మేస్త్రి పనిచేసే చెక్క పని షెడ్డులో, సగం బడిలో తియ్యాలని ఫోటోగ్రాఫర్ తేల్చింది. అంతా మాట్లాడుకున్నాక, ఫోన్ పెట్టేముందు ఇంకొకటి అడిగింది.

"ఇది నేను అందరినీ అడుగుతానండీ. ఫోటోల్లో పడకూడదనుకునేవి ఏమన్నా ఉన్నాయా? మచ్చో, పన్నో, పొట్టో. మొహమాటపడకండి. మన మధ్యే ఉంటుంది."

టీచరమ్మ అప్పుడు స్టాఫ్ రూములో ఉంది. కుర్చీ గోడవైపు తిప్పుకుంది.

మేస్త్రి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఆమె పరిచయం కాకముందే కోత యంత్రంలో పోయాయి. ఆమెకది కొత్త సంగతేమీ కాదు. ఆ చెయ్యి పట్టుకుని రద్దీ రోడ్లు దాటింది, సినిమా హాల్లో చీకట్లో ఆ చేతిలోనే తన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఆ చేతితో పేచీ లేదు. పేచీ అంతా చూసేవాళ్ళతోనే. తనింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఆమె వేసే ప్రతి అడుగూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. పెళ్ళి సంగతి తెలిసిన రోజు లెక్కల టీచరు, "పోనీలే, మంచానికీ బీరువాకీ వెతుక్కోనక్కర్లేదు" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఈ ఫోటోలు రేపు వాళ్ళందరి ఫోన్లలోకీ వెళ్తాయి. వేలితో పెద్దవి చేసి మరీ చూస్తారు.

"దాచాల్సినవేం లేవండీ" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఆయన ఎడమచెయ్యి... కాస్త చూసుకోండి" అంది.

"అర్థమైంది. నాకొదిలెయ్యండి."

అంతసేపూ మాట్లాడినవాటిలో అతి చిన్న మాట అదే. ఫోన్ పెట్టేశాక ఆమె బాటిల్లో నీళ్ళన్నీ తాగేసింది.

సెలవురోజు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళారు. గోడల పొడుగునా తలుపు చట్రాలు ఆనించి ఉన్నాయి. నేలంతా చెక్కపొట్టు, గాలంతా జిగురు వాసన. అత్యవసరమైన పనేదో ఉండి కొందరు పనివాళ్ళు వచ్చారు. మేస్త్రి కొత్త చొక్కా వేసుకుని, దాని మీద పొట్టు పడినప్పుడల్లా దులుపుకుంటున్నాడు. జుట్టు విషయంలో అతనికి మొదటినుంచీ కాస్త పిచ్చి ఉంది. రెండు ఫోటోలకొకసారి ఫోన్ తీసి అందులో చూసి సరిచేసుకుంటున్నాడు.

ఫోటోగ్రాఫర్ పనిమంతురాలు. "ఆ చెయ్యి జేబులో పెట్టండి, దర్జాగా ఉంటుంది" అంది. ఇంకో ఫోటోకు, "చెయ్యి ఆవిడ వెనకనుంచి వెయ్యండి" అంది. మరోసారి ఇద్దరినీ సగం తెరిచిన తలుపుకు అటూ ఇటూ నిలబెట్టింది, ఎడమచెయ్యి తలుపు చాటుకు వచ్చేలా. మేస్త్రి ఎలా చెబితే అలా నిలబడ్డాడు. టీచరమ్మ నవ్వుతోంది గానీ, ఆ చెయ్యి ఒక్కొక్కచోట మాయమవుతున్నప్పుడల్లా ఎవరో తన జేబులోనే చెయ్యి పెట్టినట్టు ఉలిక్కిపడుతోంది.

"ఇప్పుడు పనిచేస్తున్నట్టు ఒకటి. ఆ చెక్కకు చిత్రిక పట్టండి. ఎడమచెయ్యి అలాగే జేబులో ఉండనివ్వండి."

మేస్త్రి నవ్వాడు. "ఒంటిచేత్తో చిత్రిక పడితే పొట్టు లేవదండీ, నేనే వెళ్ళి ఆ గోడకు కొట్టుకుంటాను."

"ఉత్తినే పట్టినట్టు నటించండి చాలు."

మూల కూర్చుని జిగురు కలుపుతున్న పెద్దాయన తలెత్తాడు. షెడ్డులో అందరూ ఆయన్ని గొణుగుడు మామ అంటారు.

"ఏరా, ఆ జేబులో ఏముంది? కోడిగుడ్డా? వచ్చిందగ్గర్నుంచీ చూస్తున్నా, తెగ పొదిగేస్తున్నావ్."

పనివాళ్ళు గొల్లుమన్నారు. మేస్త్రి కూడా నవ్వేశాడు. మామ ఊరుకోలేదు.

"పనిచేసే చోట జేబులో చెయ్యి పెట్టుకునేవాడు ఓనరొక్కడే. ఎప్పుడు కొన్నావురా షెడ్డు, మాకో మాటైనా చెప్పలేదు. చూడమ్మా ఫోటోల తల్లీ, ఆ చెయ్యి లేకుండా తీస్తే వీడు వీడేనని మేమెట్లా అనుకోవాలి? ఈ కొత్త చొక్కాకే సగం పోల్చుకోలేక చస్తున్నాం."

ఈసారి అందరూ నవ్వినా మేస్త్రి నవ్వలేదు. చెయ్యి జేబులోంచి తీశాడు. పొద్దుటినుంచీ అది ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నట్టు దాన్నే చూశాడు. వేళ్ళున్నచోట వేళ్ళు, లేనిచోట నున్నటి మొదళ్ళు.

"దీన్ని దాచమని మీకెవరైనా చెప్పారా అండీ?" అని నెమ్మదిగా అడిగాడు.

టీచరమ్మ ఫోటోగ్రాఫర్ వైపు చూసింది.

"అబ్బే, ఎవరూ చెప్పలేదండీ" అంది ఫోటోగ్రాఫర్, కెమెరా వైపే చూస్తూ. "నా అలవాటు. అడక్కుండా చేశాను, పొరపాటైపోయింది."

టీచరమ్మ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఒడ్డున పడ్డాననిపించింది. ఆ వెంటనే ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. 'నేనే చెప్పాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుటక వేసింది. మాట కూడా లోపలికి పోయింది.

"సరే, బడికి వెళ్దాం పదండి" అన్నాడు మేస్త్రి.

దారిలో అతను ఫోటోగ్రాఫర్ కారులో ముందు కూర్చుని, కెమెరా పెట్టుకునే చెక్కపెట్టె ఎలా చేయించుకోవాలో ఆవిడకు చెబుతూ వచ్చాడు. వెనక సీట్లో టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోప్పడితే బాగుండేది. కోపంగా ఉన్నాడో లేదో ఆ వీపును చూసి ఏం చెప్పగలదు?

బడి ఖాళీగా ఉంది. ఆమె తరగతి గది తాళం తీసింది. నల్లబల్ల ముందు నిలబడమనగానే మేస్త్రి ఎవరూ చెప్పకుండానే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఇటు తిరగనా? ఇలా అయితే పడదు కదండీ?" అని అడిగాడు. గొంతులో వెటకారమేమీ లేదు. గిరాకీ చెప్పిన కొలత ప్రకారం చెక్క కోసేవాడిలా అడిగాడు. టీచరమ్మకు ప్రాణం చివుక్కుమంది.

"చెయ్యి బయటికి తియ్యి" అంది మెల్లగా.

"ఎందుకు? బాగానే ఉందిగా. ఆవిడ అలవాటట. మనమెందుకు చెడగొట్టడం?"

ఆమె వైపు చూడకుండానే అన్నాడు. ఫోటోగ్రాఫర్ కొన్ని ఫోటోలు తీసింది. ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చుని, అప్పటిదాకా తీసినవాటిలోంచి ఏరి రెండిళ్ళవాళ్ళకూ ఫోన్లో పంపింది. అది కూడా ఆవిడ పద్ధతే. పెద్దవాళ్ళు ముందుగా చూసుకుంటే తర్వాత పేచీలుండవంటుంది.

కాసేపటికి టీచరమ్మ ఫోన్ మోగింది. మేస్త్రి తల్లి.

"అమ్మా, వాడు ఫోనెత్తట్లేదు. ఎక్కడున్నాడు?"

"ఇక్కడే ఉన్నారత్తయ్యా. ఫోన్ కారులో వదిలేసినట్టున్నారు."

"నా దగ్గర దాచకు తల్లీ, ఏమైంది వాడికి? ఫోటోలన్నీ తిప్పి తిప్పి చూశా. ఒక్కదాంట్లోనూ వాడి ఎడమచెయ్యి లేదు. షెడ్డులోనే ఉన్నారుగా. మళ్ళీ ఏమన్నా అయిందా? అప్పుడూ ఇంతే. ఆస్పత్రినుంచి చెయ్యి జేబులో పెట్టుకునే వచ్చాడు. ఏం లేదమ్మా, చిన్న గీత అన్నాడు. కట్టు మార్చేటప్పుడు చూశా నేను."

ఖాళీ గదిలో ఆ మాటలు అందరికీ వినబడుతున్నాయి. మేస్త్రి దగ్గరికొచ్చి ఫోన్ కోసం కుడిచెయ్యి చాపాడు. ఇచ్చేస్తే అతనే ఏదో ఒకటి చెబుతాడు. ఫోటోగ్రాఫర్ అలవాటే అంటాడు. వాళ్ళమ్మ నమ్ముతుంది. ఒకే పూట రెండోసారి గట్టెక్కేస్తుంది తను.

ఆమె ఫోన్ ఇవ్వలేదు.

"కొత్తగా ఏమీ కాలేదత్తయ్యా. చెయ్యి బాగానే ఉంది. కనబడకుండా తియ్యమని ఫోటోగ్రాఫర్‌తో చెప్పింది నేనే."

"దెబ్బ తగల్లేదుగా?"

"లేదత్తయ్యా."

"హమ్మయ్య" అందావిడ. ఆ తర్వాత, "ఎందుకమ్మా?" అని అడిగింది.

దెప్పిపొడిచినా, నిలదీసినా టీచరమ్మ తట్టుకునేదేమో. ఆవిడ నిజంగానే తెలియక అడిగింది. "మా స్టాఫ్ రూములో..." అని మొదలుపెట్టి టీచరమ్మ ఆగిపోయింది. అంతకాలమూ గుండెల మీద కొండలా మోసిన కారణం, బయటికి చెప్పబోయేసరికి చెప్పడానికే మొహం చెల్లనంత అల్పంగా ఉంది.

"సరేలే" అందావిడ చివరికి. "వాడి చెయ్యి ఒక్కసారి ఫోటో తీసి పంపించండి. చూస్తే గానీ నా మనసు కుదుటపడదు."

ఫోన్ పెట్టేశాక ఫోటోగ్రాఫర్ సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. మేస్త్రి వెళ్ళి ముందు వరస బెంచీలో, మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు. టీచరమ్మ వెళ్ళి అదే బెంచీ చివర కూర్చుంది.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆవిడ తన మీద వేసుకున్నప్పుడు. నువ్వు ఊపిరి వదిలావు చూడు, అప్పుడు."

ఆమె తలెత్తలేకపోయింది.

"దాచమన్నావని కాదు" అన్నాడతను. "నేనూ దాస్తాను. బస్సులో ఎదుటివాడు అదేపనిగా చూస్తుంటే దాస్తాను. కొత్త గిరాకీ ఇంటికి వెళితే దాస్తాను. నీ దగ్గర ఆ పని లేదనుకున్నా. అంతే."

"నాలుగు తిట్టు."

"తిడితే నీకు తేలికవుతుంది. నాకేం వస్తుంది?"

"మరి మన పెళ్ళి?" అందామె.

"అది ఇప్పుడడక్కు టీచరమ్మా. నిజంగా నాకు తెలీదు."

అని, ఫోటోగ్రాఫర్ వైపు తిరిగాడు. "ఏవండీ, మా అమ్మకి ఒక ఫోటో పంపాలి. చెయ్యి ఒక్కటే తియ్యండి. వెలుతురు సరిపోతుందా?"

"సరిపోతుందండీ" అంటూ ఆవిడ కెమెరా పట్టుకుని వచ్చింది.

మేస్త్రి ఎడమచేతిని రాతబల్ల మీద వెడల్పుగా పరిచాడు. టీచరమ్మ చెయ్యి దానంతటదే అటు కదిలింది, ఆ వేళ్ళ మీద వెయ్యబోయింది.

"నీది వద్దు" అన్నాడతను. "ఇది మా అమ్మకి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఫోటోగ్రాఫర్ వంగి ఫోటో తీసి, పంపించి, కారు దగ్గర ఉంటానని చెప్పి బయటికి నడిచింది.

ఫోటో వెళ్ళిపోయాక కూడా మేస్త్రి ఆ చేతిని బల్ల మీదినుంచి తియ్యలేదు. టీచరమ్మను లేచి వెళ్ళమనీ అనలేదు. ఆమె ఆ చేతినే చూస్తూ కూర్చుంది. అంత దగ్గర్లో ఉన్నదాన్ని ముట్టుకోవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.