మేకు పరీక్ష

ఆవిడను ల్యాబులో అందరూ మేకు మేడం అంటారు, ఎదురుగా కాదు లెండి. ఆరేళ్ళుగా ఆవిడ చేసే పని అదే మరి. ఖరీదైన కోబాల్టు లేకుండా ఇనుము, మాంగనీసులతో పొడి తయారుచేయాలి. దాన్ని రేకు మీద పూసి, బ్యాటరీలో కాథోడుగా అమర్చి, నిండా ఛార్జి చేసి, అంటుకుంటుందో లేదో చూడటానికి మేకు దించాలి. కాలిందా, మళ్ళీ మొదటికి. ఎన్నిసార్లు కాలిందో అడక్కండి, గోడకున్న మసి చూస్తే చాలు.

ఇంట్లో అన్నయ్య. గడియారాలు బాగుచేసేవాడు. కరెంటు స్కూటరు బ్యాటరీ అంటుకున్న రోజు ఆర్పబోయి కుడిచెయ్యి కాల్చుకున్నాడు. వేళ్ళు ముడుచుకుపోయి, ఆ పనీ పోయింది. రోజూ ఆవిడ చెప్పులు విప్పుతుండగానే అడుగుతాడు.

"అయిందా, చెల్లీ?"

"కాలేదన్నయ్యా."

"పోనీలే, రేపవుతుంది."

ఆ రేపు వినీ వినీ ఆవిడకు విసుగెత్తిపోయింది. మనిషన్నాక ఎత్తదూ!

ఇవాళ పొద్దున్నే డైరెక్టరు పిలిచాడు. "ఇది కూడా కాలితే ఇక ఆపేద్దామమ్మా. మీ పొడి వండే ఫర్నేసు పక్క విభాగంవాళ్ళకి కావాలట." ఆవిడ సరేనంది. పోట్లాడే ఓపిక ఎక్కడిది!

మధ్యాహ్నం మేకు దిగింది. మందపాటి అద్దం వెనక నిలబడి, అలవాటుగా చెవులు మూసుకుంది. చప్పుడు లేదు, పొగ లేదు. సెల్లు కాస్త వేడెక్కింది, అంతే. మేకు వంగిందేమోనని చూసింది. శుభ్రంగా అవతలికి దిగే ఉంది. ఛార్జి ఎక్కలేదేమోనని లెక్కలు రాసుకున్న కాగితం చూసింది. నిండా ఉంది. ఇంకో రెండు సెల్లుల్లో దించితే అవీ అంతే. డైరెక్టరు వచ్చి చూసి, "ఫర్నేసు మీ దగ్గరే ఉంచుకోండమ్మా," అని వెళ్ళాడు. ఆవిడ స్టూలు మీద కూలబడింది. సంతోషపడదామన్నా ఒంట్లో సత్తువ లేదు.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అన్నయ్య అడగనే అడిగాడు.

"అయిందా, చెల్లీ?"

"కాలలేదు."

"పోనీలే, రేపవుతుంది."

"అయ్యో, కాలేదు కాదన్నయ్యా! కా-ల-లేదు. మేకు దించినా కాలలేదు!"

అన్నయ్య కళ్ళు నిండిపోయాయి.

"ఒక్క 'ల' కోసం ఆరేళ్ళు పట్టిందటే నీకు?" అంటూ, ఆ ముడుచుకుపోయిన చేత్తోనే ఆవిడ భుజం మీది సంచీ అందుకున్నాడు.