పాట పట్టుకోవడం

"ఈసారి పెద్ద కప్పులు తియ్యి. పోయినసారి ఆ బుల్లి కప్పుల్లో పోస్తే పాపం డాక్టరుగారు నోరు తెరిచి రెండోసారి అడగాల్సి వచ్చింది," అన్నాడు భర్త, హాల్లో కుర్చీలు సర్దుతూ. సర్దడమంటే, పొద్దున్నే ఆమె తుడిచి గుండ్రంగా వేసిన కుర్చీలని ఇటో జానెడు అటో జానెడు జరపడం. జరిపి, నడుము మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య, ఓ పనయింది," అనడం.

ఆమె పెద్ద కప్పులు తీసింది. కప్పు పెద్దదయితే తోమడమూ పెద్దదే. ఆ మాట అనాలనిపించలేదు. ఈమధ్య చాలా మాటలు ఆమెకి గొంతుదాకా వచ్చి, ఎందుకులే అని వెనక్కి వెళ్ళి కూర్చుంటున్నాయి. వారమంతా టెలిఫోన్ ఫిర్యాదుల ఆఫీసులో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత తిట్లు తిని, "క్షమించండి సార్, చూస్తాం సార్" అనడం ఆమె ఉద్యోగం. సెక్షన్‌లో అందరికంటే సీనియర్. అయినా మీటింగ్ అనగానే మేనేజర్, "మేడమ్, టీల సంగతి మీరు చూస్తే ఆ కళే వేరు" అని నవ్వుతాడు. ఆఫీసులో ఆ కళ, ఇంట్లో ఈ కళ. ఆదివారం వచ్చేసరికి ఆమె చెవులకి కావలసింది ఒక్కటే, ఏమీ వినిపించకపోవడం. కానీ నెలకో ఆదివారం ఇంట్లో పాటల సభ.

సినిమా పాటలు కావు. భుజాల దాకా జుట్టు పెంచుకుని, మెడలో గిటార్లు వేసుకుని తెల్లవాళ్ళు గొంతు చించుకుని పాడిన పాత రాక్ పాటలు, పాప్ పాటలు. కాలేజీ రోజుల్లో వాటి మీద పిచ్చెక్కిపోయిన మగవాళ్ళు కొందరు ఇప్పుడు బీపీ మాత్రలు వేసుకుని వచ్చి, ఏ పాట ఎక్కడ ఎలా విన్నారో చెప్పుకుంటారు. పళ్ళ డాక్టరు మోకాళ్ళ మీదే డ్రమ్ములు వాయించేస్తాడు. ఆయన భార్య ఒకే ఒక్కసారి వచ్చింది. పాట వినలేదు గానీ వంటింట్లో కప్పులు కడగడంలో సాయం చేసి వెళ్ళింది. మళ్ళీ రాలేదు, తెలివైన మనిషి.

సభకి ఒక నియమం ఉంది. జ్ఞాపకం ఎవరిదయితే వాళ్ళే ప్లేయర్ పక్కన మెత్తటి దిండున్న కుర్చీలో కూర్చోవాలి. వాళ్ళే బటన్ నొక్కాలి. పాట పూర్తయ్యేదాకా ఇంకెవరూ కిక్కురుమనకూడదు. ఆ దిండుకి గలీబు కుట్టింది ఆమే. దాని మీద కూర్చున్నది మాత్రం ఎప్పుడూ లేదు.

భర్త జ్ఞాపకాల్లో అందరూ అడిగి మరీ చెప్పించుకునేది ఒకటుంది. రేడియోలో ఏ ఆదివారం మధ్యాహ్నమో ఇంగ్లీషు పాటలు వచ్చేవి. రేడియో ఎదురుగా టేప్‌రికార్డర్ పెట్టి, రెండిటి మూతులూ కలిపి, ఊపిరి బిగపట్టి పాటని క్యాసెట్టులోకి ఎక్కించుకోవాలి. ఇంట్లో ఎవరు దగ్గినా అదీ ఎక్కేస్తుంది. "పాట మధ్యలో గాయకుడు ఆగిపోయి గిటారొక్కటే ఏడుస్తుందే, సరిగ్గా అక్కడ మా అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, 'ఆపరా వెధవా ఆ గోల!' అని అరిచింది. అదీ ఎక్కేసింది!" అంటాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మూల కుర్చీలోంచి అత్తగారు సిగ్గుపడుతూ, "అప్పట్లో నాకేం తెలుసు బాబూ," అంటుంది.

నిజానికి ఆ రేడియో ఆమె పుట్టింటి పక్కింటివాళ్ళది. ఆ టేప్‌రికార్డర్, ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళకపోతే, మెకానిక్ అయిన ఆమె తండ్రి బాగుచేసి ఇంటికి తెచ్చింది. ఉన్నదొక్కటే గది. అక్కడే వంట, అక్కడే చదువు, అక్కడే నిద్ర. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి ఆమె. పెళ్ళయిన కొత్తల్లో, వర్షానికి కరెంటు పోయిన ఓ సాయంత్రం, ఆమె ఇదంతా భర్తకి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. తన మాట ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికాడని మురిసిపోయింది కూడా. మొదటిసారి నలుగురిలో ఆయన ఆ కథ "మా ఇంట్లో" అంటూ చెప్తే, పెళ్ళయ్యాక నీదీ నాదీ ఏమిటిలే అనుకుంది. తర్వాత "నేను" అయింది. తర్వాత గరిటె వచ్చింది, వెధవ వచ్చింది. ఒకరోజు నవ్వుతూనే, "అది మా అమ్మ కదండీ," అంటే, "ఎవరి అమ్మయితే ఏం, కథ బాగా పండిందా లేదా?" అన్నాడు. అత్తగారయితే ఆ అరిచింది నిజంగా తనేనని నమ్మేసింది. ఆవిడ తప్పు కాదు. కొడుకు అన్నిసార్లు చెప్తే ఏ తల్లి నమ్మదు?

కథ పోతే పోయిందనుకుంది. క్యాసెట్టు ఉంది కదా. బీరువాలో చీరల కింద, రుమాలులో చుట్టి. అమ్మవి ఫొటోలయినా ఉన్నాయి. గొంతు ఉన్నది మాత్రం అందులోనే. తెగుతుందేమోనన్న భయంతో ఏళ్ళుగా పెట్టి వినలేదు. పోయిన నెల చీరలు సర్దుతుంటే రుమాలు ఖాళీగా తగిలింది.

"ఓ, అదా? సౌండాయనకిచ్చాను," అన్నాడు భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా. సౌండాయనంటే సభలోకి కొత్తగా చేరిన రికార్డింగ్ ఇంజనీరు. "కంప్యూటర్లో వేసి శుభ్రం చేసిస్తాడట."

"నన్నొక మాట అడగాల్సిందండీ."

"అడగడానికేముందోయ్? మనింటి క్యాసెట్టేగా!"

ఈ నెలంతా ఆమె ఆ క్యాసెట్టుతోనే బతికింది. ఫోన్లో ఎవరో తిడుతుంటే, అది ఏ సొరుగులో పడి ఉందో, ఎండలో పెట్టారేమో అనుకునేది.

ఈ ఆదివారం సభకి అందరితోపాటు సౌండాయన వచ్చాడు. పెద్దమనిషే, మర్యాదస్తుడే. భర్త దిండు కుర్చీలో కూర్చుని, గరిటెతో సహా కథంతా చెప్పాడు. అందరూ నవ్వారు. సౌండాయన చిన్న మెమరీ కార్డు తీసి స్పీకరులో పెట్టాడు. భర్త బటన్ నొక్కాడు.

ఆమె ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగింది. పాట కడిగిన గాజులా ఉంది. రేడియో గరగర లేదు. వీధిలోంచి వెళ్ళిన సైకిలు బెల్లు లేదు. గాయకుడు ఆగాడు. గిటారొక్కటే మిగిలింది. ఆమె వేళ్ళు ట్రే అంచుని బిగించి పట్టుకున్నాయి. ఇక్కడే. ఇదిగో, ఇక్కడే.

గిటారు ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. గాయకుడు మళ్ళీ అందుకున్నాడు. అమ్మ రాలేదు.

"అద్భుతం!" అన్నాడు డాక్టరు, మోకాళ్ళ మీద దరువేసి. "నిన్న పాడినట్టుంది!"

"చాలా చెత్త ఉందండీ అందులో," అన్నాడు సౌండాయన వినయంగా. "గిన్నెల చప్పుడు, ఎవరో ఆడమనిషి మాటలు... మొత్తం తీసేశాను."

"అయ్యో, ఆ ఆడమనిషిని నేనే కదా బాబూ," అంది అత్తగారు నొచ్చుకుంటూ. అందరూ గొల్లుమన్నారు. సౌండాయన నాలిక్కరుచుకుని, జేబులోంచి పాత క్యాసెట్టు తీశాడు. "దీన్నింకేం చేస్తారు సార్? నాసిరకం టేపు."

"పారేద్దాం, ఎందుకిక," అన్నాడు భర్త.

ఆమె ట్రేని నేల మీద పెట్టింది. బల్ల మీద కాదు, ఎవరికీ అందించలేదు, నేల మీద. వెళ్ళి సౌండాయన చేతిలోంచి క్యాసెట్టు తీసుకుంది.

"కాస్త లేవండి," అంది భర్తతో.

"ఏమిటోయ్?"

"జ్ఞాపకం నాది. బటన్ నేను నొక్కాలి."

ఎవరో నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగారు. భర్త లేచాడు. ఏం జరుగుతోందో అర్థమై కాదు, అంతమందిలో లేవకపోతే బావుండదని. ఆమె దిండు మీద కూర్చుంది. తను కుట్టిన గలీబే, ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు. పాత ప్లేయర్ తలుపు తెరిచి, క్యాసెట్టు పెట్టి, అమ్మా తెగకే అనుకుంటూ బటన్ నొక్కింది.

ముందు గరగర. దాని వెనకెక్కడో, బావిలోంచి వస్తున్నట్టు పాట. సైకిలు బెల్లు. ఎవరో దగ్గబోయి మింగేసిన చప్పుడు. నాన్నదే అయ్యుండాలి. గాయకుడు ఆగాడు. గిటారు మొదలయింది. ఓ గిన్నె నేల మీద దొర్లింది. ఆ తర్వాత, మైకు పక్కనే ఉన్నట్టు, గొంతు బాగా తగ్గించి అమ్మ,

"హుష్! ఎవరూ చప్పుడు చెయ్యకండి. మా చిట్టితల్లి పాట పట్టుకుంటోంది. గిన్నెలదేముంది, నే తర్వాత తోముకుంటాలే."

అంతే. గరిటె లేదు, గోల లేదు. మళ్ళీ గిటారు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, కొడుకు వైపు తిరిగి, "ఒరే, ఇది నేను కాదురా," అంది. డాక్టరు చేతులు మోకాళ్ళ మీద కదలకుండా ఉండిపోయాయి. భర్త గోడ మీది గడియారం వైపు, కిటికీ వైపు, చివరికి నేల మీది ట్రే వైపు చూశాడు. అలవాటైన మాటే అందుకున్నాడు.

"అది కాదోయ్... టీలు చల్లారిపోతున్నాయి. కాస్త వెచ్చబెట్టి..."

ఆమె తిరుగుతున్న టేపు మీంచి చూపు తిప్పలేదు. వేలు మాత్రం పెదవుల మీద పెట్టుకుంది.

"హుష్," అంది. "పాట ఇంకా అవలేదు."