లాంతరు తాత అడిగే మాట

అయినా ఆ ముసలాడికి ఇన్ని కండలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, మొదటి సినిమాలో లాంతరు ఎత్తితేనే చెయ్యి వణికేది, గోదాం కాపలా కాసే మనిషికి నల్ల కళ్ళద్దాలెందుకు, వెనకాల ఆ మంటలెందుకు, పోనీలే, రెండో భాగమన్నాక ఏదో మార్చాలి కదా అని సర్దిచెప్పుకుంటున్నాను, పక్క సీట్లో నాన్న ఉన్నాడు మరి, చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డ నాన్న, లేతు మిషన్ల మధ్య పనిచేసి సగం చెవుడు తెచ్చుకున్న నాన్న, మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయా అని అమ్మ చేత దెప్పించుకునే మనిషి, ఇవాళ పొద్దుట్నించీ పదే పదే అడిగాడు, తాత మళ్ళీ అదే లాంతరు పట్టుకుంటాడంటావా అని.

పట్టుకున్నాడు నాన్నా, దాంట్లో బాంబు పెట్టుకున్నాడు.

చదువుకునే రోజుల్లో నేను పరీక్ష తప్పి అత్తయ్య ఇంట్లో దాక్కుని తిరిగొచ్చిన రోజు, వీపు విమానం మోత మోగుతుందనే అనుకున్నాను, నాన్న లేచాడు, చెయ్యి ఎత్తాడు, ఎత్తిన చెయ్యి నా భుజమ్మీద వేసి, గొంతు కాస్త బొంగురు చేసుకుని, ఏమైనా తిన్నావా అన్నాడు, అచ్చం లాంతరు తాత దొంగల్ని పట్టుకున్నప్పుడల్లా అడిగినట్టే, అంతకు ముందు వారమే మమ్మల్ని ఆ సినిమాకి తీసుకెళ్ళాడు, ఆ మాటకి దొంగ కుప్పకూలి ఏడుస్తుంటే నాన్న కూడా చీకట్లో కళ్ళు తుడుచుకున్నాడని అమ్మ చెప్పింది, నాకు ముందు నవ్వొచ్చింది, ఈయన తాతని కాపీ కొడుతున్నాడే అని, తర్వాత ఆ దొంగకంటే ఎక్కువ ఏడ్చాను, చెల్లి కాపురం వదిలేసి పెట్టెతో వచ్చినప్పుడూ అదే మాట, నా ఉద్యోగం ఊడినప్పుడూ అదే, ప్రేమగా మాట్లాడటం ఆయనకి ఎవరూ నేర్పలేదు, ఆ సినిమా నేర్పింది, ఆ ఒక్క మాటతోనే మమ్మల్ని పెంచాడు.

ఇదిగో, వచ్చింది, తెర మీద తాత ఒక దొంగని గోడకి ఆనించాడు, నాన్న మోచేత్తో నన్ను పొడిచాడు, ఇప్పుడు చూడు అన్నట్టు, తాత వాడి భుజమ్మీద చెయ్యి వేశాడు, తాతకంటే ముందే నాన్న పెదాలు కదిలాయి, ఏమైనా తిన్నావా, తాత కూడా అదే అన్నాడు, అని వాడి నోట్లో తుపాకీ పెట్టి, తిను, అని పేల్చాడు, హాలంతా ఈలలు, కాగితం ముక్కలు, ఇది రాసినవాడి చేతులు పడిపోను, నాన్న నోరు ఇంకా తెరుచుకునే ఉంది, ఆయన నావైపు చూడలేదు.

బయటికొచ్చాం, మెట్ల మీద కాలేజీ పిల్లలు ఒకరి నోటికి ఒకరు వేలు గురిపెట్టుకుని, ఏమైనా తిన్నావా, ఢాం, అంటూ విరగబడి నవ్వుతున్నారు, వాళ్ళని అని ఏం లాభం, వాళ్ళకి మొదటిది తెలీదు, తెలిసినవాళ్ళే కదా ఇలా తీసి చచ్చింది, టిక్కెట్ల హడావుడిలో నేను పొద్దుట్నించీ మెతుకు ముట్టలేదు, నా మొహం చూస్తే నాన్నకి ఇట్టే తెలిసిపోతుంది, తెలిసింది కూడా, చెయ్యి లేచి నా భుజం దాకా వచ్చింది, ఏమైనా, అని ఆగిపోయాడు, వెనకాల మళ్ళీ ఢాం అన్నారు, ఆ చెయ్యి దించి జేబులో పెట్టుకుని, ఏమైనా బస్సు ఉందా ఇప్పుడు, అన్నాడు.

ఉంటుంది నాన్నా అన్నాను, నేనే అడిగితే సరిపోతుందేమో, నువ్వేమైనా తిన్నావా నాన్నా అని, నోరు తెరిచాను, నా చెవిలోనే తుపాకీ పేలింది, మూసుకున్నాను, సినిమా చెడితే చెడింది, ఎన్ని చెడలేదు, వీళ్ళు మా ఇంట్లోకొచ్చి నాన్నకున్న ఒక్క మాటా పట్టుకుపోయారు, ఈ వయసులో ఆయన ఇంకో మాట ఎక్కడ నేర్చుకుంటాడు, కడుపు నకనకలాడుతోంది, నాన్న పక్కనే నడుస్తున్నాడు, ఇక అడగడు.