కొట్టేసిన వాక్యానికి జవాబు

శుక్రవారం తాను రాసిన ఉత్తరానికి ఏమని జవాబు రావాలో ఆదివారం పొద్దున చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆలోచిస్తోంది రంగుల టీచరు. ఆ పేరు పిల్లలు పెట్టింది. బడి రిజిస్టరులో ఆమె డ్రాయింగు టీచరు. ఇంట్లో భర్తకు "ఇదుగో", అత్తగారికి "అమ్మాయ్".

"ఇదుగో, కాలరు దగ్గర ముడత అలాగే ఉంది," అన్నాడు భర్త, పేపరు మీంచి తలెత్తకుండానే. తలెత్తకుండా ముడత ఎలా కనిపించిందో ఆయనకే తెలియాలి. ఆమె మళ్లీ నీళ్లు చిలకరించింది. ఇస్త్రీపెట్టె కాలరు మీద నడుస్తుంటే మనసులో వాక్యం నడుస్తోంది. 'తమ ఉత్తరం అందింది. తమ పాఠశాల డ్రాయింగు ఉపాధ్యాయిని...' అక్కడ ఆగింది. 'గారు' అనాలా? అనాలి. బొమ్మల థియేటరువాళ్లు మర్యాద తెలిసినవాళ్లు. 'గారు' ఉంచేసింది.

సంగతేమిటంటే, కళలకు సాయం చేసే నిధి ఒకటుంది. ఒక బడీ, ఒక కళాసంస్థా చెయ్యి కలిపి అడిగితే, పిల్లలకు ఆ కళ నేర్పడానికి మూడేళ్లు ఖర్చు భరిస్తుంది. ఒక్కళ్లే వెళ్లి అడిగితే ఇవ్వదు. ఇద్దరూ నిజంగా కలిసి పనిచేస్తున్నట్టు, ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు దరఖాస్తుకు జతచెయ్యాలి. ఆమె పనిచేసే బడీ, వెనక వీధిలోని బొమ్మల థియేటరూ రెండేళ్లుగా కలిసే ఉన్నాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం థియేటరు నడిపే బొమ్మలాయన రేకుపెట్టె భుజాన పెట్టుకుని వస్తాడు. నలభైమంది పిల్లలు కాగితం గుజ్జుతో తలకాయలు చేసి, దారాలు కట్టి, వాటిచేత మాట్లాడిస్తారు. తరగతిలో పేరు అడిగినా నేల చూపులు చూసే ఒక పిల్ల, బొమ్మ చేతికి రాగానే లెక్కల సారుని అనుకరించి అందరినీ పడీ పడీ నవ్విస్తుంది. కానీ థియేటరులో టిక్కెట్లు తెగడం లేదు. ఈసారి నిధి రాకపోతే బొమ్మల్ని అటకెక్కించి ఏదో ఒక దుకాణంలో కూర్చుంటానని బొమ్మలాయన చెప్పేశాడు. అంటే గురువారాలు ఉండవు.

అందుకే ఉత్తరాలు. "నువ్వే రాసెయ్యమ్మా, నీ పీరియడ్లు ఎలాగూ ఖాళీయే కదా," అన్నారు పెద్దసారు. ఖాళీ ఎందుకయ్యాయో ఆయనకు తెలుసు. సిలబస్ అవలేదని ఎవరు ముఖం వేలాడేసుకుని వచ్చినా, ఆయన తీసి ఇచ్చేది డ్రాయింగు పీరియడే. బొమ్మలాయనేమో, "బొమ్మచేత ఏమైనా మాట్లాడిస్తాను గానీ కాగితంచేత మాట్లాడించడం నావల్ల కాదమ్మా. ఇదిగో థియేటరు లెటర్‌హెడ్డు. నా బదులు నువ్వే మాట్లాడు," అన్నాడు. అలా బడి అడగడమూ ఆమే, థియేటరు జవాబు చెప్పడమూ ఆమే. ఇద్దరు మగవాళ్లూ చదవకుండా సంతకాలు పెట్టారు.

మొదటి రెండు ఉత్తరాలూ ఆఫీసు కాగితాల్లాగే ఉన్నాయి. మూడోదాని దగ్గర ఏదో అయింది. థియేటరు తరఫున రాస్తూ 'తమ ఉపాధ్యాయిని ఓపికకు మా ధన్యవాదాలు' అని టైపు చేసి, ఆ వాక్యం వంక చూస్తూ ఉండిపోయింది. వీధిలో పోతుంటే వెనకనుంచి ఎవరో పిలిచినట్టయింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో, పదహారేళ్ల కాపురంలో తన ఓపిక సంగతి ఎవరూ ఎత్తలేదు. కుళాయిలో నీళ్లలాగా అది ఉంటుంది, తిప్పితే వస్తుంది, కుళాయికి ఎవరు మాత్రం దండం పెడతారు? సొంత డబ్బా కొట్టుకుంటున్నానేమోనని వాక్యం తీసేసింది. అబద్ధమా అని తననే అడిగి చూసింది. కాదే! మళ్లీ పెట్టింది. ఆ తర్వాత ఆటలో పడిపోయింది. గిన్నెలు తోముతూ బడి అయ్యేది, బట్టలు ఆరేస్తూ థియేటరు అయ్యేది. బడిగా ఉన్నప్పుడు కాస్త బెట్టు, థియేటరుగా ఉన్నప్పుడు బోలెడంత ఆపేక్ష. ఒకరోజు సింకు దగ్గర తనలో తను నవ్వుకుంటుంటే అత్తగారు చూసింది.

"ఏమిటమ్మాయ్, గిన్నెలతో కబుర్లా?"

"థియేటరు నుంచి ఉత్తరం వచ్చిందత్తయ్యా."

"ఏమంటారు?"

"చాలా మెచ్చుకున్నారు."

అత్తగారు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఎవర్నీ, నిన్నా?" అంది.

ఇక కుట్టుపని ఉంది. బొమ్మలకు బట్టలు కావాలి. గౌన్లు, చొక్కాలు, కోట్లు, ఒక సింహానికి స్వెట్టరు కూడా. ఆమె అవన్నీ ఇంట్లోనే, వంటింటి తలుపు వెనకున్న మిషను మీద, సెలవు రోజుల్లో, పొయ్యి మీదున్నది పొంగకుండా ఒక కన్నేసి ఉంచి కుట్టేది. "బొమ్మలకు గౌన్లు కుట్టమని కూడా రాశారా నీ ఆర్డర్లో? నీకు తెలివి లేకపోతే వాళ్లేం చేస్తారు!" అనేవాడు భర్త. అనేసి వెళ్లినవాడు మళ్లీ వెనక్కి వచ్చి, "ఎలాగూ మిషను తీశావు కదా, ఈ ప్యాంటు అంచు కూడా మడిచెయ్యి," అనేవాడు.

బడి తరఫున శుక్రవారం రాసిన ఆఖరి ఉత్తరంలో ఆ కుట్టుపని మాట ఒక్క వాక్యం రాసింది. ఆదివారం ఇస్త్రీ బల్ల దగ్గర దానికి జవాబు కుదిరింది. సోమవారం థియేటరు కాగితం మీద ఆ జవాబు టైపు చేసి, బొమ్మలాయన సంతకం తీసుకుని, బడి ఉత్తరం పెద్దసారు ముందు పెట్టింది. ఏ కాగితమూ చదవని పెద్దసారు ఆరోజు తీరుబడిగా ఉన్నారు. చదివారు.

"ఇదేంటమ్మా, ఇంటి దగ్గర కుడుతున్నారు, సెలవుల్లో కుడుతున్నారు... ఇవన్నీ దేనికి? బడి పరువు సంగతి చూడాలి కదా. ఆడవాళ్లు సరదాగా కుట్టుకునేవి కూడా రాస్తామా!" అని పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. ఆమె "సరే సార్" అంది. గబగబా మళ్లీ టైపు చేసింది. గంట కొట్టారు, పిల్లలు అరుస్తున్నారు, కవరు మూసి పంపేసింది. జవాబు సంగతి గుర్తే లేదు.

మూడో వారం నిధి ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని చదివే మనిషి. పెద్దసారు గదిలో పెద్దసారు, బొమ్మలాయన కూర్చున్నారు. రంగుల టీచరు టీ కప్పులు పట్టుకొచ్చింది. బడిలో ప్యూను ఉన్నాడు, అయినా టీ తేవాల్సి వచ్చినప్పుడు పెద్దసారుకు ఎందుకో ఆమే గుర్తొస్తుంది.

"ఈ ఉద్యోగంలో ఆరేళ్లుగా ఉత్తరాలు చదువుతున్నాను," అంది మేడం. "సగంలోనే నిద్ర ముంచుకొస్తుంది. మీవి మాత్రం చివరిదాకా చదివాను. అందుకే ఒక చిన్న చిక్కు కనిపించింది. థియేటరువాళ్లు ఇలా రాశారు. 'తమ ఉత్తరంలో తెలియజేసినట్టు, డ్రాయింగు ఉపాధ్యాయిని గారు రెండేళ్లుగా తమ ఇంట్లో, తమ సెలవు రోజుల్లో ప్రతి బొమ్మకూ దుస్తులు కుట్టి పంపడం మేము మరిచిపోలేని సాయం. ఆ దుస్తులు లేకుంటే మావి బొమ్మలు కావు, కర్రలు.' చాలా బావుంది. కానీ బడి ఉత్తరం మూడుసార్లు తిరగేశాను. అందులో ఈ సంగతే లేదు. లేని మాటకు జవాబెలా వచ్చిందండీ?"

పెద్దసారు టీ గుటక వేసి, "టైపింగు పొరపాటు మేడం," అన్నారు.

"పొరపాటైతే ఒక అక్షరం ఎగిరిపోతుంది. రెండు వాక్యాల జవాబు పుట్టుకొస్తుందా?"

ఆమె ఇంకా ట్రే పట్టుకునే నిలబడి ఉంది. నిజం చెబితే ఉత్తరాలన్నీ ఒక్కరే రాసుకున్నవని తేలిపోతుంది, దరఖాస్తు పోతుంది, గురువారాలు పోతాయి, ఆ పిల్ల మళ్లీ నేల చూపులు చూస్తుంది. చెప్పకపోతే? టైపింగు పొరపాటు అంటే మళ్లీ తన పొరపాటే, టైపు చేసేది తనే కదా. ఎటు తిరిగినా తన నెత్తికే వచ్చేదానికి భయమెందుకు అనిపించింది. ట్రే బల్ల మీద పెట్టింది.

"ఆ మాట ఉండేదండీ. సారు కొట్టేశారు. అప్పటికే జవాబు అయిపోయింది."

"ఎవరికి అయిపోయింది?"

"నాకు. రెండువైపులా నేనే రాశానండీ. మొదటి ఉత్తరం నుంచీ."

బొమ్మలాయన గొంతు సవరించుకున్నాడు.

"మేడం, నా ఉత్తరం కాస్త నాకు చదివి పెడతారా? సంతకమైతే పెట్టాను గానీ ఏం రాశానో తెలీదు."

మేడం మొత్తం చదివింది. ఆయన చివరిదాకా తల వంచుకుని విన్నాడు. "ఇందులో నేను అనాల్సింది కానిది ఒక్క ముక్క లేదు మేడం. రెండేళ్లుగా గురువారం గురువారం కొత్తబట్టలతో బొమ్మలు పెట్టెలోకి వచ్చి పడుతుంటే, వాటంతట అవే తొడుక్కున్నాయి కాబోలు అనుకున్నాను. నా నోట రావాల్సిన మాట పాపం ఆవిడే అనేసుకుంది."

మేడం పగలబడి నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుంది. "అయినా ఈ ఉత్తరాలు చెల్లవు. వారం గడువిస్తున్నాను. మీరిద్దరూ మీ చేత్తో రాయండి. టైపు వద్దు. ఈవిడ పెన్ను ముట్టుకోవడానికి వీల్లేదు. ఇంకోటి, దరఖాస్తులో క్లాసు నిర్వాహకులుగా మీ పేరుంది సార్. గురువారం క్లాసు ఎన్నింటికి?"

"అదీ... భోజనాల తర్వాత..."

"ఎన్నింటికి సార్?"

పెద్దసారు రంగుల టీచరు వంక చూశారు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. మేడం పెన్ను తీసి ఆయన పేరు కొట్టేసి, "ఇది కూడా టైపింగు పొరపాటే అనుకుందాం," అంది.

ఆ వారమంతా బడిలో వింత. పెద్దసారు రోజుకు రెండుసార్లు స్టాఫు రూము గుమ్మం దాకా వచ్చేవారు. "ఏమ్మా, మరి 'అయ్యా' అని మొదలెట్టనా, 'ఆర్యా' అననా?"

"నన్ను చెప్పొద్దన్నారు సార్."

"అది కాదు, నువ్వు ఏమేం చేస్తావో వరసగా చెబితే..."

"గురువారం వచ్చి చూసి రాయండి సార్."

వచ్చారు. పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు. నేల చూపుల పిల్ల ఆయన ముందుకి వచ్చి ఒక బొమ్మని నిలబెట్టి, గొంతు మార్చి, "ఏవయ్యా పెద్దసారూ, నా చొక్కా బొత్తాం ఊడింది, కుట్టి పెడుదువూ!" అంది. నలభైమంది ఊపిరి బిగబట్టారు. పెద్దసారు సూది తీసుకున్నారు. దారం ఎక్కించడానికే నాలుగుసార్లు ఉమ్మి తడి చేశారు. రెండుసార్లు వేలు గుచ్చుకున్నారు. బొత్తాం ఒక పక్కకి వాలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రంగుల టీచరు నవ్వాపుకోవడానికి రంగుల అలమరలోకి తల దూర్చింది.

బొమ్మలాయన పదకొండు పేజీలు రాశాడు, అందులో ఎనిమిది బొమ్మలే. పెద్దసారు ఉత్తరం ఆరు పంక్తులు. మేడం రంగుల టీచరుకు ఫోను చేసి అందులో ఒకటి చదివి వినిపించింది: 'దీన్ని నేను సరదా పని అనుకున్నాను. ఒక్క బొత్తానికి నాకు అరగంట పట్టింది.'

నిధి మంజూరైంది. మూడేళ్లు. నిర్వాహకురాలు డ్రాయింగు టీచరు, దానికి వేరే వేతనం. గురువారం మధ్యాహ్నమంతా ఆమెది, ఆ పీరియడ్లు ఏ సిలబస్‌కీ ఇవ్వకూడదు. షరతుల్లో నాలుగోది ఆమె బస్సులో నిలబడి చదివింది, ఇంటి గుమ్మంలో మళ్లీ చదివింది. 'పని యావత్తూ పాఠశాలలో, పాఠశాల వేళల్లోనే జరగాలి. ఇంటి వద్ద చేసే పని అనుమతించబడదు.'

గురువారం పొద్దున ఇంటి ముందు సామాను బండి ఆగింది. డ్రైవరూ ఆమే కలిసి వంటింటి తలుపు వెనకనుంచి కుట్టుమిషను మోసుకొచ్చి ఎక్కించారు. భర్త సగం గడ్డం గీసుకుని నురగతో బయటికి వచ్చాడు.

"ఇదుగో, ఇదేంటి? ఎక్కడికది?"

"బడికండీ."

"మళ్లీ ఎప్పుడు తెస్తావు?"

"తీసుకురాను."

"మరి ఇంట్లో చిరుగులూ, అంచులూ..."

"బజార్లో బోర్డు పెట్టుకుని ఇద్దరున్నారు. అరగంటలో చేసిస్తారట, కూర్చుని పేపరు కూడా చదువుకోవచ్చు." ఆమె నవ్వుతూనే చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. ఎప్పుడూ అడిగే 'ఏమంటారు?' మాత్రం అడగలేదు. నురగ మెడ మీదికి కారింది.

ఆమె డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి మిషను వంకా, కోడలి వంకా, కొడుకు వంకా చూసింది.

"అమ్మాయ్, ఆ బొమ్మలు నిజంగానే మాట్లాడతాయా?"

"మనం ఏం మాట్లాడిస్తే అది మాట్లాడతాయత్తయ్యా."

"నాకూ ఒకటి ఇస్తారా?"

"ఎన్ని కావాలంటే అన్ని."

అత్తగారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. వెనకనుంచి కొడుకు "అమ్మా, మధ్యాహ్నం వంటో?" అంటున్నాడు. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి, కోడలి భుజం పట్టుకుని పైకెక్కి, "జరుగు," అంది. సర్దుకుని కూర్చున్నాక డ్రైవరుతో, "పోనీ నాయనా. వాడికి నలభై ఏళ్లొచ్చాయి," అంది.