అందరికీ అందిందా?

ఎర్రన్న దగ్గు తెలియనివాళ్ళు మా చర్చిలో లేరు. ముందు గొంతు సవరించుకున్నట్టు చిన్నగా మొదలవుతుంది. తర్వాత రేకు మీద ఎవరో కంకర ఈడుస్తున్నట్టు సాగుతుంది. చివరికి ఈల లాంటి ఊపిరితో ఆగుతుంది. ఆగేదాకా పక్కనున్నవాళ్ళం కూడా ఊపిరి బిగబట్టుకుంటాం, ఆగాక పాట మళ్ళీ అందుకుంటాం. చంటిపిల్లల ఏడుపు, బయట మేకల అరుపు, ఎర్రన్న దగ్గు, ఇవన్నీ ఉంటేనే మాకు ఆదివారమైనట్టు.

ఆ దగ్గు తాడిపత్రిలో పట్టుకున్నది. వానల్లేక శనక్కాయ చేను నిలువునా మాడిపోయిన ఏడు ఎర్రన్న బండల ఫ్యాక్టరీకి పోయాడు. కోత మిషను దగ్గర కొన్నేళ్ళు, పాలిష్ మిషను దగ్గర కొన్నేళ్ళు రాతి నుంచి లేచే తెల్లపిండిని ముక్కుతోనూ నోటితోనూ మింగి, బిందెడు నీళ్ళు కూడా మోయలేని ఛాతీతో గోరంట్ల పక్కనున్న మా కాలనీకి తిరిగొచ్చాడు. అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, ఇది నయమయ్యేది కాదు, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. ఈ సీమలో దుమ్ముకు దూరంగా ఎక్కడుండాలో మాత్రం చెప్పలేదు.

ఎర్రన్న వట్టి చేతులతో తిరిగి రాలేదు. అంచులు విరిగాయని పక్కన పడేసిన బండల్ని యజమానిని అడిగి ఇటువైపు వచ్చే లారీలో వేయించుకొచ్చాడు. అప్పటికి మా చర్చికి మట్టినేల, పేడతో అలికేవాళ్ళం. ఎర్రన్న ఆ ముక్కల్ని ఒకదానికొకటి జతకూర్చి పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ పాలిష్ పట్టాడు. డాక్టరు వద్దన్న దుమ్ము ఆఖరుసారి మింగింది అక్కడే, దేవుని ఇంట్లో. ఇప్పుడు మేం మోకరించేది ఆ బండల మీదే. నడి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి.

రాజేంద్ర పాస్టరు వచ్చాక చర్చికి ఫోను స్టాండు వచ్చింది, వెనక నీలం గుడ్డ వచ్చింది, లైవ్ మొదలైంది. ఫోను వెనక పాస్టరమ్మ గౌతమి నిలబడి, "కువైట్ నుంచి ఒక సిస్టర్ ఆమెన్ అంటున్నారు" అని చదివేది. మొదట్లో మేమూ మురిసిపోయాం. ఓట్లప్పుడు తప్ప మా కాలనీ మొహం చూసేవాడెవడు? ఎవరో సముద్రం అవతల నుంచి చూస్తున్నారంటే తలలు దువ్వుకుని కూర్చున్నాం.

తర్వాత మంచి చీరలున్నవాళ్ళు ముందు వరసకు వచ్చారు. పాట ఒక అడుగు ముందే ఎత్తుకునే తిప్పమ్మవ్వను స్తంభం వెనక్కి జరిపారు. "అవ్వా, మైకుకు దూరంగా పాడు, దేవునికి వినపడుతుందిలే" అన్నారు. ఆ అవ్వ నవ్వి జరిగింది. మేమూ నవ్వాం. ఇక మిగిలింది దగ్గు.

ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లారాధనకు ముందురోజు, శనివారం పొద్దువాలుతుండగా సంఘపెద్ద గంగాధరప్ప ఎర్రన్న ఇంటికి వచ్చాడు. ఎర్రన్న భార్య చెన్నమ్మ గడప దగ్గర కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. గంగాధరప్ప మంచం అంచున కూర్చుని, భుజం మీది టవలు తీసి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

"ఏమప్పా ఎర్రన్నా, బాగుండావా?"

"ఇట్లుండానన్నా."

"రేపు బల్ల గదా..."

"ఔ. వస్తాండాం గదా మామా. దానికి ఇంత దూరం వచ్చినావా?" అంది చెన్నమ్మ కాయలు ఒలవడం ఆపకుండానే.

"రాండి, రాకుండా యాడికి పోతారు. అదేందంటే... రేపు లైవ్‌లో శానామంది సూస్తారంట. ఎర్రన్న దగ్గు మైకులో పడతాండాదంట. బయట రేకుల కింద కుర్చీ ఏపిస్తాం. ఆడ కూడా స్పీకరుండాది, అంతా బాగా వినపడుతుంది. అయిపోయినాక రొట్టె, రసం నేనే తెచ్చి ఇస్తా."

ఎర్రన్న నేల చూస్తూ, "కానీలే అన్నా. యాడ కూకున్నా దేవుడే గదా" అన్నాడు.

"నువ్వు గమ్మునుండు" అంది చెన్నమ్మ. "యాడ కూకున్నా దేవుడే అయితే ఆ ఫోన్నే తీసకపోయి రేకుల కింద కూకోబెట్టమను."

"అట్ల గాదు మ్మే. పాస్టరయ్య ఏమన్నాడంటే, ఆరాధన మన కోసరం గాదంట, దేవుని కోసరమంట. మన పట్టింపులు పక్కన పెట్టల్లంట."

చేతిలోని కాయలు చేటలో పడేసింది చెన్నమ్మ.

"దేవుని కోసరమా? మంచిది. మరి దేవుడొచ్చి చెప్పినాడా మామా, ఎర్రన్న దగ్గు నాకు పడదని? ఈయప్ప రొమ్ము సేసినోడు ఆయనే గదా. అది యాడ సెడిందో ఆయనకు తెలీదా? పాస్టరయ్యకు పడకపోతే పడలేదని చెప్పమను. కువైటామెకు పడకపోతే పడలేదను. తెచ్చి దేవుని నెత్తినెందుకు రుద్దుతారు?"

"నాకేం తెలుసు తల్లీ, చెప్పిరాపో అంటే వచ్చినా."

"బండలకు పాలిష్ పట్టేటప్పుడు దగ్గు లేదా? అప్పుడు చెంబుతో నీళ్ళు పోసిందెవరు మామా? నువ్వే గదా. ఈయప్ప దగ్గి దగ్గి కూలబడితే, 'స్తోత్రం సెప్పు ఎర్రన్నా, దేవుని పని' అన్న్యావు. అప్పుడు దేవుని పని, ఇప్పుడు బయట కుర్చీ!"

గంగాధరప్ప లేచాడు. చెప్పులు వేసుకుని, ఎడమది కుడికాలికి వేసుకున్నానని చూసుకుని, సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

"ఊరుకో మ్మే" అన్నాడు ఎర్రన్న. "బల్ల ముందర రోజు పోట్లాట పెట్టుకుంటే ఆ రొట్టె ముట్టుకోకూడదు. నాకు రేపు రొట్టె కావల్ల." ఆ తర్వాత దగ్గు అందుకుంది.

ఆదివారం మేం పోయేసరికి ఎర్రన్న ఉతికిన చొక్కా వేసుకుని రేకుల కింద తెల్లకుర్చీలో కూర్చున్నాడు. చెప్పులు విడుస్తూ ప్రతివాళ్ళం "బాగుండావా అన్నా" అని పలకరించి లోపలికి పోయాం. బయటెందుకు కూర్చున్నావని ఒక్కరమూ అడగలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

మా చర్చిలో బల్లకు ఒక పద్ధతి ఉంది. గంగాధరప్ప రొట్టె ముక్కల పళ్ళెం వరస వరసకూ తిప్పుతాడు. ఎవరి ముక్క వాళ్ళం తీసుకుని అరచేతిలో పెట్టుకుంటాం, నోట్లో వేసుకోం. అప్పుడు పాస్టరు "అందరికీ అందిందా?" అని అడుగుతాడు. "అందింది" అంటాం. అప్పుడందరం ఒక్కసారే తింటాం. ఒకప్పుడు పళ్ళెం వెనక కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయ్యేదని పాత పాస్టరు పెట్టిన పద్ధతి అది. ఆయన పోయాడు, పద్ధతి మిగిలింది. కానీ ఇప్పుడు అడిగేవాళ్ళు తలెత్తి చూడరు, చెప్పేవాళ్ళం వెనక్కి తిరగం.

మొదటి పాటలో బయటి నుంచి దగ్గు వినిపించింది. గౌతమి తలుపు దగ్గరకు వేసింది. రెండో పాటలో సన్నగా వినిపించింది. పాస్టరు వాక్యం చెప్పడం మొదలుపెట్టాక అసలు లేదు. పాస్టరు గొంతు పెంచి, ఆరాధన అంటే మనల్ని మనం మరచిపోవడమని ఫోను వైపు చూసి చెబుతున్నాడు. చెన్నమ్మ మాత్రం కూర్చున్నచోట కుదురుగా లేదు. ఆ దగ్గు వినపడుతున్నంతసేపూ ఆమెకు ధైర్యం, వినపడకపోతేనే భయం. చివరకు లేచి తలుపు తీసి బయటికి చూసింది. చాలాసేపు అట్లే నిలబడి చూసింది. తర్వాత తలుపు బార్లా తెరిచిపెట్టి, వచ్చి తన చాప మీద కూర్చుంది. మొహంలో నెత్తురు లేదు.

పళ్ళెం వచ్చింది. చెన్నమ్మ కూడా ముక్క తీసుకుంది. గంగాధరప్ప పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అందరికీ అందిందా?" అన్నాడు పాస్టరు.

"అందలేదు" అంది చెన్నమ్మ.

పాస్టరు నవ్వు మొహంతోనే, "అమ్మా, మీ చేతిలో ఉంది కదా" అన్నాడు.

"నాకు అందింది. అందరికీ అందిందా అని గదా మీరడిగింది?"

"ఎర్రన్నగారికి ఆరాధన అయ్యాక ఇస్తామని చెప్పాం కదమ్మా."

"అయిపోయినాక ఇచ్చేది బల్ల గాదయ్యా. మిగిలిన కూడు."

గౌతమి ఫోను వెనక నుంచి చెయ్యి తిప్పుతోంది, కానివ్వండి కానివ్వండి అన్నట్టు. పాస్టరు చెన్నమ్మను వదిలేసి మా అందరి వైపు తిరిగాడు. మా గొంతుల కింద ఆమె గొంతు మునిగిపోతుందనుకున్నాడు. చేతులు చాచి గట్టిగా అడిగాడు.

"దేవుని బిడ్డలారా, అందరికీ అందిందా?"

ఎవరం పలకలేదు. అరచేతుల్లో రొట్టె చెమటకు మెత్తబడుతోంది. అప్పుడు స్తంభం వెనక నుంచి, పాట ఎత్తుకున్నట్టే అందరికంటే ఒక అడుగు ముందు, తిప్పమ్మవ్వ గొంతు వచ్చింది.

"అందల్యా."

ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక మగవాళ్ళ వైపు నుంచి ఒకరు. నా నోటి నుంచి కూడా వచ్చింది.

పాస్టరు మొహం ఎర్రబడింది. "ఇది ఆరాధన! దేవుని సన్నిధిలో గొడవ పెట్టుకుంటారా?"

చెన్నమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"గొడవ గాదయ్యా. ఒక మాట అడుగుతా, చెప్పండి. ఆయప్ప ఆడ నోట్లో టవలు కుక్కుకోని కూకున్నాడు. రెండు చేతులతో అదుముకోని కూకున్నాడు. దగ్గు లోపలికి వినపడకూడదంట, మీ ఆరాధన సెడిపోకూడదంట. ఊపిరాడక కండ్లు బయటికొస్తాండాయి. పెద్దాయన రొట్టె తీసకపోయి ఇస్తాడంటిరే. నోట్లో టవలుంటే రొట్టె యాడ పెట్టల్ల?"

పాస్టరు గౌతమి వైపు చూశాడు. గౌతమి తలుపు వైపు చూస్తోంది. తెరిచిన తలుపులోంచి తెల్లకుర్చీ కనపడుతోంది, వంగిపోయిన వీపు కనపడుతోంది. ఆమె చెయ్యి తిప్పడం ఆపేసింది.

గంగాధరప్ప పళ్ళెం ఎత్తుకోలేదు. ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. ఎర్రన్న ముందు వంగి, నోట్లోని టవలు తానే లాగి, చంకలో చెయ్యి వేసి లేపాడు. "వద్దన్నా, ఆడ లైవు నడస్తాండాది, వద్దు" అని ఎర్రన్న అంటూనే ఉన్నాడు. గంగాధరప్ప వినలేదు. తీసుకొచ్చి ముందు వరసలో, మైకుకు ఎదురుగా, ఎర్రన్న పరిచిన బండ మీదే కూర్చోబెట్టాడు. పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. ఎర్రన్న ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు.

పాస్టరు అడగలేదు. ఎంత చూసినా అడగలేదు. చివరకు గంగాధరప్పే మా వైపు తిరిగి, ఒక్కొక్క మొహం చూస్తూ అడిగాడు.

"అందరికీ అందిందా?"

మేమందరం ఎర్రన్న వైపు చూశాం.

"అందిందన్నా" అన్నాడు ఎర్రన్న. ఆ మాటతోపాటే ఇంతసేపూ మింగిన దగ్గంతా బయటికొచ్చింది. కంకర ఈడ్చింది, ఈల వేసింది, ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. మైకులో అది చర్చంతా మోగింది. ఒక్కరం కదల్లేదు. రొట్టె అరచేతిలో పెట్టుకుని దగ్గు పూర్తయ్యేదాకా కూర్చున్నాం. అయ్యాక అందరం ఒక్కసారే తిన్నాం.

సాయంత్రం పాస్టరు మళ్ళీ ఎర్రన్న ఇంటికి కబురు చెప్పిరమ్మంటే గంగాధరప్ప కాళ్ళు నొప్పులన్నాడట. కబురేమిటో మాకు తెలియలేదు, పాస్టరూ తానుగా రాలేదు. చీకటిపడే వేళకు ఫోనులో చూశాం. పొద్దుటి లైవ్ తీసేసి, కత్తిరించిన వీడియో పెట్టారు. పాటలున్నాయి, వాక్యముంది, ఆశీర్వాదముంది. బల్ల లేదు. తిప్పమ్మవ్వ గొంతు లేదు, ఎర్రన్న లేడు.

ఆ ఫోను తీసుకుపోయి చెన్నమ్మకు చూపించాను. శనక్కాయలు ఒలుస్తూనే చివరిదాకా చూసింది. లోపల మంచం మీద ఎర్రన్న దగ్గుతున్నాడు.

"అయితే ఆ కువైటామెకు అందల్యా" అంది. "పాపం."

ఫోను నా చేతికిచ్చి, చేట దగ్గరికి లాక్కుంది.