గొడ్డలి మామ దుంకడు

కొత్త ముండ్ల దర్వాజ వచ్చిన రోజు నేను కుట్టుమిషన్ మీద జాకెట్టు సగంలో వదిలేసి టీవీ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా లేవలేదు. పొయ్యి మీద అన్నం మాడింది. మాడనీ! ఇరవై ఏళ్ల తర్వాత మన ఆట మళ్లీ వచ్చిందంటే అన్నం ఒక లెక్కా?

ఆట అసలు పేరు 'థార్న్ గేట్'. ఆ పేరు మాకు నోరు తిరగలేదు. మందమర్రి కాలనీ పిల్లలం ముండ్ల దర్వాజ అని పెట్టుకున్నాం. ఇద్దరు కలిసి ఆడే నరుకుడు ఆట. మొదటి రిమోట్ పట్టినవాళ్లు బల్లెం పిల్ల, రెండో రిమోట్ పట్టినవాళ్లు గొడ్డలి మామ. మీదికొచ్చిన రాక్షసులను నరుక్కుంటూ, దారిలో అగడ్తలు దాటుకుంటూ ఆఖరి దర్వాజ దాకా పోవాలి. కథా లేదు, కాకరకాయా లేదు.

క్వార్టర్ల వెనక అంతయ్య వీడియో గేమ్ షాపు ఉండేది. అక్కడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. బడిలో నాకు వెనక బెంచీ, ఇంట్లో అన్నల తర్వాత మిగిలిన కూర. అంతయ్య షాపులో మాత్రం నేను లోపలికి అడుగుపెడితే మగపిల్లలు జరిగి చోటిచ్చేవాళ్లు. కాలనీలో నా పేరే బల్లెం మమత. ఇప్పటికీ పాతవాళ్లు కూరగాయల అంగట్లో కనపడితే అదే పేరు పెట్టి పిలుస్తారు. నాకు ఒళ్లు పులకరిస్తుంది, దాచడం దేనికి?

గొడ్డలి మామను ఆడించేది కొమురెల్లి. ఇప్పుడు ఆ కొమురెల్లే నా మొగుడు, బొగ్గు బాయిలో పని. ఇంటికి చుట్టాలెవరొచ్చినా చాయ్ ఇచ్చేలోపే నేను చెప్పేస్తాను, "ఈయనను ముండ్ల దర్వాజ దాటిచ్చింది నేనే" అని. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

దాటించడమంటే మాటలా? గొడ్డలి మామ బరువు మనిషి, దూకడు. బల్లెం పిల్ల అగడ్తను ఒక్క దూకుతో దాటుతుంది, మామ మాత్రం అంచున నిలబడిపోతాడు. అప్పుడు వెనక్కి తిరిగి, తరుముకొచ్చే రాక్షసుడికి కావాలని ఎదురుపోయి దెబ్బ తినాలి. ఆ దెబ్బకు మామ ఎగిరి అవతలి గట్టు మీద పడతాడు. సగం ప్రాణం పోతుంది కానీ దాటేస్తాడు. కాలనీలో దీన్ని 'దెబ్బ తిని దాటుడు' అనేవాళ్లం. సరిగ్గా ఎక్కడ నిలబడాలో తెలియకపోతే అగడ్తలోనే పడతాడు. కొమురెల్లి అందులో మొనగాడు. అవతల నేను రాక్షసులను ఆపుతూ ఉంటే ఈయన ధబ్బుమని నా పక్కన వచ్చి పడేవాడు. షాపంతా ఈలలే ఈలలు!

సరే, కొత్త ఆటకొద్దాం. బొమ్మలు ఎంత బాగున్నాయని! బల్లెం పిల్ల జడ గాలికి ఊగుతోంది. వాన పడితే కవచం మీద నీళ్లు జారుతున్నాయి. పాత పాటనే కొత్త వాయిద్యాలతో కొట్టారు, మొదటి చరణానికే నా కళ్లు తడిశాయి. కొమురెల్లి పొద్దటి షిఫ్టుకు పోయాడు కాబట్టి గొడ్డలి మామను ఆటే నడిపించుకునేలా వదిలేసి ఒక్కదాన్నే మొదలుపెట్టాను. మొదటి అగడ్త వచ్చింది. నేను దూకాను. వెనక్కి చూశాను.

గొడ్డలి మామ దూకాడు! జింకపిల్ల లాగా దూకి నా పక్కన నిలబడ్డాడు!

నాకు తిక్క లేచింది. 'మమతక్క ఆట' అని నాకొక యూట్యూబ్ చానల్ ఉంది. అప్పటికప్పుడు ఫోను టీవీ పక్కన నిలబెట్టి లైవ్ పెట్టాను.

"గొడ్డలి మామ దుంకుడేంది? ఎవ్వల్నడిగి దుంకిచ్చిన్రు? గీ ఆట చేసినోళ్లు పాత ఆట ఒక్కపారి గూడ ఆడినట్టు లేరు. దెబ్బ తిని దాటుడుల ఉన్న మజా అంత ఖరాబ్ చేసిన్రు!"

మా కాలనీవాళ్లు నా వైపే. "కరెక్ట్ చెప్పినవ్ అక్కా" అని వరసపెట్టారు. బయటివాళ్లు మాత్రం నవ్వడం మొదలుపెట్టారు. సిరిసిల్ల నుంచి హనుమండ్లు అని మరమగ్గాల కార్మికుడొకడు రాశాడు: "అక్కా, సాంచెలు బంద్ వెట్టి మరీ ఆడిన. పాట మస్తున్నది. గొడ్డలి దెబ్బకు పాత బరువు లేదు, గది నేనూ ఒప్పుకుంట. గానీ మామ పాత ఆటల గూడ దుంకుతుండె." ఆసిఫాబాద్‌లో డిగ్రీ చదివే రుచిత అనే పిల్ల ఇంకో అడుగు ముందుకేసింది: "అక్క కలల ఆడినట్టున్నది." ఎవరో పాత ఆట వీడియో కూడా పంపారు. అందులో మామ దూకుతున్నాడు. అది వేరే దేశం క్యాసెట్ అయి ఉంటుందన్నాను. ఇంకా నవ్వారు.

ఇక నా నోరు ఆగలేదు. "పాత క్యాసెట్‌ల గొడ్డలి మామ దుంకినట్టు నా కండ్ల ముంగట సూపెట్టుండ్రి. సూపెడితె ఈ జన్మల మళ్ల బల్లెం పిల్లను ముట్ట. మమత మాటంటె మాటే!"

కొమురెల్లి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, చాయ్ గ్లాసు పట్టుకుని ఆ వీడియో చూశాడు. ముఖం వాడిపోయింది.

"గంత మాట ఎందుకన్నవే?"

"ఏం, తప్పన్ననా?"

"తప్పని కాదు. జర ఆ వీడియో తీసెయ్."

"నువ్వు గూడ గట్లనే అంటవా? దెబ్బలు తిన్నది నువ్వు! నువ్వే నా దిక్కు మాట్లాడకపోతె ఇంకెవ్వలు మాట్లాడుతరు?"

ఆయన చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు. చాయ్ ఎప్పుడో చల్లారింది.

మర్నాడు కరీంనగర్ నుంచి ఫోన్. సంతోష్‌రావు అట, అక్కడ గేమింగ్ సెంటర్ నడుపుతాడు. పాత ఆటలంటే పిచ్చి ఉన్న కుర్రాడు. "అక్కా, ఆదివారం అందరం కలుస్తున్నం. పాతది, కొత్తది పక్కపక్కకు పెట్టి ఎవ్వలకు ఏమనిపిస్తే అది మాట్లాడుకుందం. మీరు ఆడిన అసొంటి క్యాసెట్టే నా దగ్గర ఉన్నది. మీరు తప్పకుండ రావాలె."

"అచ్చుడే తమ్మీ! నా పెనిమిటిని గూడ పట్టుకొస్త!"

ఆదివారం నేను దసరాకు కొన్న ఎర్ర చీర కట్టాను. బస్సెక్కిన దగ్గరి నుంచి కొమురెల్లిది ఒకటే గొణుగుడు. మంచిర్యాల దాకా తలకాయ నొస్తుంది, ఇంటికి పోదాం అన్నాడు. గోదావరి వంతెన దాటాక మాట మార్చాడు.

"ఒకవేళ ఓడిపోతె?"

"ఓడుడేంది? ఏం మాట్లాడుతున్నవ్?"

"ఉత్తగనే అడుగుతున్న. ఓడిపోతె నిజంగ బల్లెం ఇడిసిపెడ్తవా?"

"ఇడిసిపెట్టాల్సిందే. ఇంతమంది ముంగట అన్న. మాట తప్పితె బల్లెం మమతకు ఇజ్జత్ ఉంటదా? ఆ బల్లెం లేకపోతె నేనెవ్వల్ని చెప్పు? జాకెట్లు కుట్టుకునే మమతారాణిని. గంతే." గట్టిగానే అన్నాను కానీ ఆ మాట నాకే నచ్చలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

సంతోష్‌రావు సెంటర్ నిండిపోయి ఉంది. అబ్బ, ఏం లొల్లి! కొత్త ఆట గురించి అంతమంది ఒకేసారి మాట్లాడుతుంటే నాకు పెళ్లింటికి వచ్చినట్టు అనిపించింది. రుచిత ఎదురొచ్చి "కలల ఆడిన అక్క మీరేనా?" అని చేయి కలిపింది. పిల్ల గట్టిదే. తనకు కొత్తదే నచ్చిందట, పాతదాంట్లో తిప్పి తిప్పి అదే దెబ్బ అట.

"అదే దెబ్బ గాదు పిల్లా, ఆ దెబ్బ తగిలితె చెయ్యి ఝుమ్మంటుండె. గీ కొత్తదాంట్ల గాలిల ఊపినట్టున్నది" అన్నాడు సిరిసిల్ల నుంచి వచ్చిన హనుమండ్లు. నేను ఆయనకు వంత పాడాను. వానలో పోరాటం మాత్రం కొత్తదాంట్లోనే బాగుందని రుచితకు కూడా వంత పాడాను. కొత్త రాక్షసుల గురించి వెనక వరసవాళ్లు పోట్లాడుకున్నారు. కొమురెల్లి మాత్రం గోడకానుకుని నిలబడ్డాడు.

సంతోష్‌రావు పాత క్యాసెట్ తీసి, ఉఫ్ అని ఊది, పెట్టెలో గుచ్చాడు. ఆ గరగర పాట మొదలైంది. నేను మొదటి రిమోట్ అందుకున్నాను.

"రెండోది ఎవ్వలు పడ్తరు?" అన్నాడు సంతోష్‌రావు.

"ఇంకెవ్వలు? మా ఆయనే."

కొమురెల్లి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆడాం. దేవుడా, ఎన్నేళ్లయింది! మొదటి గుంపును నరికేశాం. అగడ్త వచ్చింది. నేను దూకాను. కొమురెల్లి వెనక్కి తిరిగాడు, రాక్షసుడికి ఎదురుపోయాడు, దెబ్బ తిన్నాడు. మామ గాలిలో లేచి నా పక్కన ధబ్బుమని పడ్డాడు.

గది దద్దరిల్లింది. "ఓర్నీ! గిదేం దాటుడు!" అని సంతోష్‌రావు తల పట్టుకున్నాడు. రుచిత ఫోన్ తీసింది. వాళ్లెవరూ ఇది ఎప్పుడూ చూడలేదట. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

"మంచిగున్నది అన్నా," అన్నాడు హనుమండ్లు, "గానీ ఒక్కపారి దుంకే బటన్ ఒత్తు."

కొమురెల్లి రిమోట్ కిందికి దించాడు. "ఒత్తిన. దుంకుతలేడు."

"సూసిన్రా?" అని నేను లేచి అరిచాను.

"రిమోట్ ఖరాబైందా ఏంది? పొద్దుగాలనే సూసిన గదా," అంటూ సంతోష్‌రావు ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకుని బటన్ నొక్కాడు.

మామ దూకాడు. మళ్లీ నొక్కితే మళ్లీ దూకాడు.

గది ఒక్కసారిగా గొల్లుమంది. నవ్వులు, ఈలలు. నాకవేమీ వినపడలేదు. నేను మా ఆయన ముఖం చూస్తున్నాను. ఆ ముఖంలో ఇసుమంత ఆశ్చర్యం లేదు.

"ఒత్తిన అంటివి గదా?"

ఆయన తల వంచుకున్నాడు.

"నీకెరికేనా?"

"ఎరికే."

"ఎప్పటిసంది?"

"శిన్నప్పుడు చెన్నూరుకు మా మేనత్తోళ్లింటికి పోయిన సూడు, గప్పుడు. ఆడ షాపుల మామ దుంకుతుండె. తిరిగొచ్చి సూస్తె మన అంతయ్య రెండో రిమోట్‌ల ఆ బటనే పనిచేస్తలేదు."

నవ్వులు ఆగిపోయాయి. నాకు మాత్రం కోపం నెత్తికెక్కింది. "మరి చెప్పద్దా? మొద్దు మొగుడా, నోరు లేదా నీకు?"

"చెప్తె అంతయ్య ఆ రిమోట్ రిపేర్‌కు మంచిర్యాలకు పంపుతుండె. ఆయన పంపింది ఎన్నడన్న తిరిగొచ్చిందా? ఇగ ఒక్క రిమోటే మిగులుతుండె. నువ్వొక్కదానివే ఆడుతుంటివి. నేను అందరి లెక్క యెనక నిలవడి సూస్తుంటి."

"గందుకని గన్ని దెబ్బలు తింటివా?"

"దెబ్బలు మామ తిన్నడు. నేను నీ పక్కకు కూసున్న."

ఎవరో ఈల వేశారు. రుచిత "అయ్యో అన్నా" అంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఆయన వీపు మీద ఒక్కటి చరిచాను కూడా. "పెండ్లయినంకనన్న చెప్పద్దా?"

"చుట్టాలందరికి దాటిచ్చిన దాటిచ్చిన అని చెప్పుకుంట మురుస్తుంటివి. నాకు మంచిగనిపిస్తుండె. ఎందుకు చెడగొట్టాలె?"

ఇంతలో వెనక నుంచి ఎవడో, "అక్కా, మరి మాటో?" అన్నాడు. సంతోష్‌రావు వాడిని కసిరాడు. "ఇడిసిపెట్టుండ్రి అక్కా, మాట వరసకు అన్నరు. ఎవ్వలు పట్టించుకోరు. మీరే ఆడుండ్రి."

నేను చేతిలోని రిమోట్ చూసుకున్నాను. నిజం చెప్తున్నా, పుట్టింటి గడప దాటి అత్తింటికి వచ్చిననాడు కూడా నాకు అంత బాధ కలగలేదు. మెత్తబడి ఊరుకుందామనే అనిపించింది. కానీ అన్నది నేను, అదీ అంతమంది ముందు.

"మమత మాటంటె మాటే" అన్నాను. నా రిమోట్ తీసి కొమురెల్లి ఒళ్లో పడేశాను. సంతోష్‌రావు చేతిలోంచి రెండోది లాక్కున్నాను. "పట్టు. నువ్వు ముందు నడువు. నేను మామను."

"నాకు బల్లెం రాదే."

"నేర్చుకో!"

మళ్లీ మొదలుపెట్టాం. ఆయన బల్లెం ఎంత దరిద్రంగా ఆడాడంటే రుచిత కళ్లు మూసుకుంది. రెండడుగులు వేస్తాడు, ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. ఎటు పొడవాలో తెలియదు. ఎలాగో అగడ్త దూకాడు. అవతల రాక్షసులు చుట్టుముట్టారు. ముందుకు పోతే తప్పించుకోవచ్చు. పోడు! అంచు దగ్గరే నిలబడి, నా వైపు తిరిగి, అటు వీపు మీద దెబ్బలు తింటున్నాడు.

"ముందలికి పోవయ్యా! సస్తవ్!" అని అరిచాను.

"నువ్వింక రాలే గదా" అన్నాడు, తెర మీది నుంచి కళ్లు తీయకుండా.

నేను దూకాను.